పుప్ఫుసశోథమున కణబాహ్య మాతృక: బస్తరు సీమ ననుసరించి యొక విచారణ

విశాఖపట్టణపు దెసనుండి కనుమలెక్కి వచ్చు కొత్తవలస–కిరండూలు రైలుమార్గము, బైలదిల్లా గిరులలోని ఇనుపఖనిజమును రేవునకు దింపుటకై వేయబడినదై, ఇంద్రావతీ తీరమందలి జగదల్‌పూరును తెలుగుసీమతో గట్టిగా ముడివేసినది. 1968 నుండి ఆ గనులను త్రవ్వుచున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థకు ప్రధాన కార్యాలయమును హైదరాబాదుననే కలదు. ఇట్టి బస్తరు సీమలో ఊపిరితిత్తులను పీడించు హేతువులలో కట్టెపొయ్యి పొగ, రాతిధూళి, క్షయ యను మూడును ముఖ్యములు. వైద్యగ్రంథములలో ఇవి వేర్వేరు ప్రకరణములకు చెందినవి. అయినను, శోథ మెట్లు మొదలైనదను ప్రశ్నను కొంత తడవు పక్కనబెట్టి, మొదలైన శోథ మేల చల్లారకున్నదని యడిగినచో, ఈ మూడు త్రోవలును కణముల నడుమ అల్లుకొనియుండు మాతృకకడ కలిసికొనుచున్నవని నా తలంపు.

చిరకాలము శాస్త్రజ్ఞులు ఈ మాతృకను తీగను మోయు పందిరివలె, కణములను మోయు వస్తువుగా మాత్రమే యెంచిరి. ఊపిరితిత్తికి దృఢత్వము కొల్లాజెనువలనను, గాలి విడిచినపుడు తనంత ముడుచుకొను గుణము ఎలాస్టినువలనను కలుగుచున్నవి. కొల్లాజెను మూడు పేటలు పెనగొనిన త్రాడనియు, ప్రతి పేటలోను మూడవ స్థానమున గ్లైసిను ఉండి తీరవలెననియు 1954, 1955 సంవత్సరములలో మద్రాసునుండి జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాలు లోకమునకు వెల్లడించిరి. ఎలాస్టిను సంగతి వేరు: అది బాల్యమున నిర్మితమై యాజీవనము పనిచేయవలసినదే కాని, తెగినదానిని పెద్దవయసున దేహము మరల సరిగా నల్లజాలదు.

అసలు విశేషము ఈ అణువులు తెగినపిమ్మట గాని కానరాదు. శోథస్థలమునకు వచ్చిన న్యూట్రోఫిలులు అను తెల్లరక్తకణములు విడుచు ఎంజైములు కొల్లాజెనును చీల్చగా, ప్రోలిను–గ్లైసిను–ప్రోలిను అను మూడు అమైనో ఆమ్లముల చిన్న తునుక బయటపడును. ఇది న్యూట్రోఫిలుల గ్రాహకములకే తగులుకొని మరికొన్నింటిని రప్పించునని 2006లో నిరూపితమైనది. వచ్చినవి మరల చీల్చును. చీలినది మరల పిలుచును. ఈ వలయమును త్రెంచుటకు దేహమున నొక యుపాయము లేకపోలేదు: ల్యూకోట్రయీను ఏ4 హైడ్రోలేసు అను ఎంజైము ఆ తునుకను నశింపజేయునని 2010లో తెలిసినది, కాని సిగరెట్టు పొగ ఆ శక్తినే కుంటుపరచునని అదే పరిశోధన తెలిపినది. పొగ ఒకచేత నిప్పు రాజవేయుచు, రెండవచేత నీటికుండను బోర్లించుచున్నదన్నమాట. 1934లో కార్ల్ మేయరు, జాన్ పామరు ఎద్దుకంటి ద్రవమునుండి వేరుచేసిన హయలురోనాను అను మరియొక మాతృకాణువును ఇట్టి ద్విస్వభావముగలదే. దీర్ఘశృంఖలముగా నున్నంతవరకు శాంతింపజేయును, ముక్కలైనపుడు ప్రమాదసూచకమై భక్షకకణములను రెచ్చగొట్టును.

ఇక బస్తరు. సిగరెట్టుపై జరిగిన పరీక్షల ఫలితములను, ఊదుగొట్టముతో నిప్పు రగిల్చుచు సగముజీవితము గడపిన గృహిణికి యథాతథముగా నంటగట్టుట తగదు; కట్టెపొగవలని వ్యాధిలో వాయుకోశముల గోడలు శిథిలమగుటకంటె శ్వాసనాళములు ఇరుకగుటయే అధికమని పరిశీలనలు చెప్పుచున్నవి. ఆమె రొమ్మున వినవచ్చు పిల్లికూతలకు మూలము నాళముచుట్టు పేరుకొనిన మాతృక యని యూహించుట యుక్తము. గనిధూళి మరింత చిత్రమైనది. ఐరను ఆక్సైడు రేణువులు ఊపిరితిత్తిలో చేరి ఎక్స్‌రే చిత్రమున మచ్చలుగా గాన్పించినను, తమంత తాము మాతృకను పెద్దగా కదలింపవు. కాని ఖనిజముతో నున్న క్వార్ట్జు శిలనుండి లేచిన సిలికాధూళి భక్షకకణములను చంపి, కొల్లాజెనును ఉల్లిపొరలవలె చుట్టచుట్టలుగా పేర్పించును.

క్షయలో గుహ లేర్పడుటకు మాతృకాచ్ఛేదక ఎంజైములలో మొదటిదగు ఎంఎంపీ–1 ముఖ్యకారణము. మామూలు చుంచులకు దీనికి సరియైన ప్రతిరూపము లేదు. మానవజన్యువును వానిలో చొప్పించినపుడు, క్షయ సోకిన ఊపిరితిత్తులలో కొల్లాజెను తెగుట 2011లో కనబడినది. క్రిమి చచ్చినను ఆయాసము పోదేమని రోగి యడుగు ప్రశ్నకు ప్రత్యుత్తర మిచటనే యున్నది. సింగపూరున ముప్పదిమంది రోగులపై జరిగి 2021లో ప్రకటితమైన పరీక్షలో, క్షయమందులకు తోడుగా పదునాలుగు దినములు డాక్సీసైక్లిను ఇచ్చినంతనే ఈ ఎంజైములు తగ్గి, గుహల పరిమాణమును కొంత క్షీణించినది. డాక్సీసైక్లిను టెట్రాసైక్లిను కులమునకు చెందినది. ఆ కులమున ప్రథమమగు ఆరియోమైసిను, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయమునుండి 1948లో వెలువడినది. మాతృకను గాచు గుణము దాని క్రిమినాశకశక్తికి భిన్నమైనదని పిదప చాల యేండ్లకు గాని తెలియలేదు.

2006లో వెలసిన జగదల్‌పూరు వైద్యకళాశాలవంటి చోట చేయదగిన పని యొకటి కలదు. క్షయచికిత్స ముగిసిన దినమునను, పిమ్మట ఆరు మాసములకును, రోగి కఫమున ఆ కొల్లాజెను తునుకను, మూత్రమున ఎలాస్టిను విరుగుటవలన వచ్చు డెస్మోసినును కొలిచి, కట్టెపొయ్యి ఇండ్లవారిని, గ్యాసు ఇండ్లవారిని వేరుపరచి చూడవలెను. డెస్మోసిను రక్తనాళముల ఎలాస్టిను తెగినను మూత్రమునకు వచ్చును గావున, అది యొక్కటియే చాలదు. ఉభయవర్గములందును వయస్సు, పొగత్రాగుడు, రక్తపోటు సరిపోల్చి, ఊపిరి బలమును స్పైరోమీటరుతో కొలిచిన పిమ్మటనే ఆ యంకెల కర్థము చెప్పవలెను.