స్లాబు కింద 4.4 గిగాహెర్ట్జ్

రాత్రి పదకొండు దాటింది. మే నెల. దిల్‌సుఖ్‌నగర్‌లో పైఅంతస్తు గది. పగలంతా ఎండ తాగిన స్లాబు ఆ వేడినంతా ఇప్పుడు నీ మీదికి వదులుతోంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చెమట ఆరడం లేదు. గోడమీది థర్మామీటర్ 36 చూపిస్తోంది.

తెరమీద సైబర్‌పంక్ 2077. నైట్ సిటీలో పరుగెడుతున్నావు. వాన, నియాన్ వెలుగులు. ఖాళీ రోడ్డు మీద ఉన్నంతసేపు, సెకనుకి ఎన్ని బొమ్మలో చెప్పే మూలనున్న ఎఫ్‌పీఎస్ అంకె 47 దగ్గర కుదురుగా ఉంది. సంతలోకి మలుపు తిరుగుతావు. సందు నిండా జనం. అంకె 41కి పడిపోతుంది. బొమ్మ తొట్రుపడుతుంది. గురిపెట్టిన చోట మనిషి లేడు. నీ తూటా గోడకి తగులుతుంది, వాడి తూటా నీకు తగులుతుంది.

"మామా, నువ్వింకా స్టాక్‌లోనే నడుపుతున్నవా?" హెడ్‌సెట్‌లో దోస్తు గొంతు. "నాది 4.4 కొట్టింది. బయోస్‌లోకి పో, రేషియో పెంచు. ఐదు నిమిషాల పని. ఏం కాదు."

ఐదు నిమిషాలు. రూపాయి ఖర్చు లేదు. కాళ్ల దగ్గర క్యాబినెట్ వైపు చూస్తావు. సికింద్రాబాద్ సీటీసీలో షాపు షాపు తిరిగి, ఒక్కో పార్టూ బేరమాడి కట్టించుకున్న మెషీన్ ఇది. రైజెన్ 5 3600 ప్రాసెసర్, ఆరు కోర్లు. జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. బీ450 బోర్డు. ప్రాసెసర్ మీద కూర్చున్నది పెట్టెలో ఊరికే వచ్చిన చిన్న కూలర్. బీ450 ఓవర్‌క్లాక్‌కి, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించడానికి, ఒప్పుకుంటుంది. చవకలో దొరికే ఏ320 అయ్యుంటే ఈ మాట ఇక్కడే ఆగిపోయేది. ఇంటెల్ అయితే చిప్ పేరు చివర కే అక్షరం, కింద జెడ్ రకం బోర్డు ఉండాలి.

చేస్తావా? చేస్తావు. కానీ ముందు కొలత. ప్రాసెసర్ సత్తా కొలిచే సినీబెంచ్ ఆర్23 నడిపి చూస్తావు. 9,150 పాయింట్లు, వేడి 81 డిగ్రీలు. కాగితం మీద రాసుకుంటావు. ఈ కాగితం లేకపోతే తెల్లారేసరికి ఏది నిజంగా పెరిగిందో, ఏది పెరిగినట్టు అనిపించిందో తేల్చుకోలేవు.

రీస్టార్ట్. డిలీట్ కీ టకటకా నొక్కుతావు. బయోస్ తెరుచుకుంటుంది, బోర్డు సెట్టింగులుండే చోటు. నల్లటి తెర, ఎర్రటి గీతలు. సీపీయూ కోర్ రేషియో అని ఒక వరస, పక్కన ఆటో అని ఉంది. ఆటో తీసేసి 42 కొడతావు. బోర్డు కొట్టే తాళం 100 మెగాహెర్ట్జ్, దాన్ని 42తో గుణిస్తే 4.2 గిగాహెర్ట్జ్. అంటే ఆరు కోర్లలో ప్రతిదీ సెకనుకి 420 కోట్లసార్లు అడుగు వేయాలి. కంపెనీ పెట్టె మీద రాసిన గరిష్ఠం కూడా 4.2నే. కాకపోతే అది బరువు తక్కువున్నప్పుడు అందుకునే వేగం. నువ్వు అడుగుతున్నది ఆరింటినీ ఒకేసారి, ఎంత బరువున్నా, ఆపకుండా.

దాని కిందే వోల్టేజ్ గడి. ఇక్కడ వేలు నెమ్మదిస్తుంది. 1.30 అని ఒక్కో అంకే చూసి కొడతావు. ఈ గడిలో పొరపాటు అంకె పడితే రేషియోలో పడ్డట్టు కాదు. రేషియో ఎక్కువైతే మెషీన్ ఆగిపోతుంది, అంతే. వోల్టేజ్ ఎక్కువైతే చిప్ పోతుంది. అలా పోయినదానికి వారంటీ ఉండదని ఏఎమ్‌డీ ముందే చెప్పేసింది.

ఎఫ్10. సేవ్. విండోస్ వస్తుంది.

మళ్లీ సినీబెంచ్. పది నిమిషాలు. 9,580 పాయింట్లు, 86 డిగ్రీలు. దాదాపు ఐదు శాతం! గుండె ఉప్పొంగుతుంది. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను. నీ చేత్తో ఒక అంకె మార్చావు, యంత్రం మాట విన్నది.

ఆట తెరువు. అదే రోడ్డు. 47. ముందూ 47, ఇప్పుడూ 47.

సంతలోకి మలుపు తిరుగు. 42.

ఒక్కటి. ఇంత చేస్తే పెరిగింది ఒక్కటి. ఎందుకని? తెరమీద ఆఫ్టర్‌బర్నర్ చూపించే అంకెల్ని ఇప్పుడు సరిగ్గా చదువు. రోడ్డు మీద గ్రాఫిక్స్ కార్డు 98 శాతం పనిలో ఉంది, ప్రాసెసర్ 60 కూడా దాటలేదు. ప్రాసెసర్ తన పని ముగించి కార్డు కోసం ఎదురు చూస్తోంది. ఎదురు చూసేదాన్ని ఇంకా తొందరపెడితే ఎదురుచూపే పెరుగుతుంది. సంతలో మాత్రం కథ వేరు. అక్కడ కార్డు 85 శాతానికి దిగింది. జనం కదలికలన్నీ లెక్కకట్టేది ప్రాసెసర్, కార్డు దానికోసం ఆగుతోంది. మరి ప్రాసెసర్ వేగం పెంచినా ఒక్కటే ఎందుకొచ్చింది? కంపెనీ అమరికలోనే అది ఆటలో 4.1 దగ్గర పరుగెడుతోంది కాబట్టి. నువ్వు కలిపింది రెండున్నర శాతం కూడా లేదు.

"4.2 ఏం సరిపోతది మామా. 4.4 పెట్టు."

ఇక్కడ నీకు రెండు దారులున్నాయి. ఆగిపోవచ్చు. కానీ చెయ్యి ఆగడం లేదు.

బయోస్. 44. వోల్టేజ్ 1.35. చిన్న మార్పులాగే కనిపిస్తుంది. కానీ కరెంటు ఖర్చు వేగంతో పాటు పెరగడమే కాదు, వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. లెక్కేస్తే ఐదు శాతం లోపు వేగానికి పదమూడు శాతం ఎక్కువ వేడి. ఆ వేడిని లాగాల్సింది పెట్టెలో వచ్చిన ఆ చిన్న కూలరే. దానికి అందేది 36 డిగ్రీల గాలి.

ఎఫ్10.

విండోస్ వచ్చింది. సినీబెంచ్ మొదలు.

80. 85.

కూలర్ గొంతు పెరిగింది. ఫ్యాను చప్పుడు వినిపించడం లేదు, కూలర్ అరుపే వినిపిస్తోంది.

89. 91.

క్యాబినెట్ పైన చెయ్యి పెట్టావు. తీసేశావు.

92. ఈ చిప్‌కి కంపెనీ గీసిన గీత 95.

93.

ఆపాలా?

94.

తెర నీలం.

వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్. చిప్ తన లెక్కలో తనే తప్పు పట్టుకుని, దిద్దుకోలేక చేతులెత్తేసింది. దానంతట అదే రీస్టార్ట్ అయింది. ఫ్యాన్లు తిరిగాయి. లైట్లు వెలిగాయి.

తెర నల్లగా ఉంది.

ఎదురు చూస్తావు. ఆగిపోయింది. మళ్లీ తిరిగింది. మళ్లీ ఆగింది. మానిటర్ మీద నో సిగ్నల్. డిలీట్ కీ నొక్కుతావు. ఏమీ లేదు. మళ్లీ నొక్కుతావు. ఏమీ లేదు.

తలుపు దగ్గర అమ్మ. "ఏమైందిరా? ఇంకా పడుకోలేదా?"

"ఏం లేదమ్మా. వస్తున్నా."

ఏం లేదు అన్నావు. నిజంగానే ఏమీ లేదు తెరమీద.

కంగారు పడకు. స్విచ్ ఆపు. వైరు పీకెయ్. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టు, లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క పలక స్క్రూలు విప్పు. క్యాబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకో, ఒంట్లో స్టాటిక్ ఉంటే అందులోకి దిగుతుంది. ఫోన్ టార్చి వెయ్యి. గ్రాఫిక్స్ కార్డు కింద, బోర్డు మీద, రూపాయి బిళ్లంత వెండి రంగు సెల్ కనిపించిందా? సీఆర్2032. బయోస్‌కి నువ్వు చెప్పిన మాటలన్నీ గుర్తుండేది దానివల్లే. పక్కనున్న క్లిప్‌ను గోటితో నొక్కు. సెల్ పైకి లేస్తుంది. తీసి బల్లమీద పెట్టు.

ఇక ఐదు నిమిషాలు ఆగాలి. చీకట్లో కూర్చుని నువ్వడిగేది ఒకటే: చిప్ పోయిందా?

బహుశా పోలేదు. ఒక్కసారి వేడెక్కి పడిపోయినంత మాత్రాన పోదు. నెలల తరబడి ఎక్కువ వోల్టేజ్ మీద నడిస్తే మాత్రం లోపల కొద్దికొద్దిగా అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు. 2024లో అందరూ చూశారు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకపోయినా ఆటల మధ్యలో కూలిపోతూ వచ్చాయి. ఉండాల్సినదానికన్నా ఎక్కువ వోల్టేజ్ వాటికి అందుతోందని తేలింది. ఆ ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ మార్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అరిగిపోయిన చిప్‌ను మాత్రం ఏ మైక్రోకోడూ బాగుచేయలేకపోయింది.

మరి దోస్తు చిప్ 4.4 ఎలా మోస్తోంది? ఒకే చెట్టు మామిడికాయలు ఒకేలా పండవు. ఒకే పేరు, ఒకే పెట్టె, ఒకే ధర, అయినా చిప్పుకీ చిప్పుకీ తేడా ఉంటుంది. పైగా వాడి గదిలో ఏసీ ఉంది.

ఇలా ఓవర్‌క్లాక్ చేయడం ఒకప్పుడు నిజంగా లాభమే. 1998లో సెలెరాన్ 300ఏ అని ఒక చవక చిప్ ఉండేది, 300 మెగాహెర్ట్జ్‌ది. బోర్డు మీద బస్ వేగం 66 నుంచి 100కి మారిస్తే 450కి లేచేది. సగానికి సగం ఎక్కువ, పైసా ఖర్చు లేకుండా. 2011లో వచ్చిన కోర్ ఐ5 2500కే పెట్టె మీద 3.7 దాకా అని రాసి ఉండేది, మంచి కూలర్ పెడితే 4.5 దాకా పోయేవి చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో కంపెనీలు చిప్‌లో చాలా చోటు వదిలి అమ్మేవి. ఆ చోటే జనం వాడుకున్నారు. ఇప్పుడు నీ రైజెన్ సెకనులో ఎన్నోసార్లు తన వేడినీ కరెంటునూ తనే చూసుకుని, వీలున్నంత వేగం తనే పెంచుకుంటుంది. నీకని మిగిల్చింది దాదాపు ఏమీ లేదు.

ఐదు నిమిషాలయింది. సెల్ పెట్టు. క్లిక్. వైరు గుచ్చు. బటన్ నొక్కు.

ఫ్యాన్లు.

నలుపు.

నలుపు.

బీప్.

తెరమీద తెల్లటి అక్షరాలు. సెట్టింగులు చెరిగిపోయాయి, ఎఫ్1 నొక్కమంటోంది. ఊపిరి వదులు. బతికింది.

బయోస్‌లోకి వెళ్లు, కానీ ఈసారి రేషియో జోలికి పోకు. కళ్లు కాస్త కిందికి దింపు. మెమరీ వేగం అన్న వరస. 2133.

నువ్వు కొన్న ర్యామ్ పెట్టె మీద ఎంత రాసి ఉంది? 3200. కొన్న రోజు నుంచీ దాని వేగంలో మూడోవంతు నీకు అందలేదు. ర్యామ్‌ను పెట్టె మీది వేగానికి తెచ్చే ఎక్స్‌ఎమ్‌పీని కట్టిచ్చినవాళ్లు ఆన్ చేయలేదు. చెయ్యాలని నీకూ ఎవరూ చెప్పలేదు. ఆ గడి దగ్గరికి వెళ్లి ఆన్ చెయ్యి. ఇదీ ఓవర్‌క్లాకే కదా అని చెయ్యి ఆగుతోందా? ర్యామ్ వైపు నుంచి అవును. కానీ 3200 ఈ ప్రాసెసర్‌కి ఏఎమ్‌డీ అధికారికంగా ఒప్పుకున్న వేగమే. పైగా రైజెన్‌లో కోర్లకీ మెమరీకీ మధ్య దారి కూడా ర్యామ్ వేగంతోనే నడుస్తుంది. ర్యామ్ నెమ్మదిగా ఉంటే ఆ దారీ నెమ్మదే.

ఎఫ్10. ఈసారి వేలు వణకదు. మెమరీలో తప్పు ఉంటే ఫైళ్లు పాడవుతాయి కాబట్టి మెమ్‌టెస్ట్86 ఓ రౌండు నడవనివ్వు. తప్పులు సున్నా. ఇప్పుడు ఆట.

రోడ్డు. 47. అది కార్డు హద్దు, దాన్ని మార్చాలంటే కార్డే మార్చాలి. పెద్ద కూలర్ కొందామని ఉంటే, ఆ మూడు నాలుగు వేలు కార్డు కోసం దాచుకో.

సంత. మలుపు. జనం.

46.

తొట్రుపాటు లేదు. గురిపెట్టు. క్లిక్. వాడు పడిపోయాడు.

ఇంకొకటి మిగిలింది. దీనికి పెంచడం కాదు, తగ్గించడం కావాలి. ఆఫ్టర్‌బర్నర్ తెరిచి కంట్రోల్ ఎఫ్ కొట్టు. వోల్టేజ్ ఇంతైతే వేగం ఎంతో చెప్పే గీత కనిపిస్తుంది. 900 మిల్లీవోల్ట్‌ల దగ్గర చుక్కను పట్టుకుని 1,850 మెగాహెర్ట్జ్‌కి లేపు. దాని తర్వాత గీతంతా సమంగా పరిచెయ్యి. ఆటలో కార్డు ఇంతదాకా 120 వాట్ల దగ్గర తాగుతోంది. చూడు, వంద లోపుకు దిగింది. వేడి 78 నుంచి 70. ఎఫ్‌పీఎస్ మాత్రం అదే 47. ఆట మధ్యలో పడిపోతే చుక్కను కొంచెం దింపి మళ్లీ చూడు. నీ కార్డు ఎంత ఒప్పుకుంటుందో దాన్నే అడగాలి. మన ఎండాకాలానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా పనికొచ్చే సర్దుబాటు లేదు. చలిదేశంలో ఓవర్‌క్లాక్ చేసేవాడి గది వెచ్చబడుతుంది. నీ గదికి ఆ వెచ్చదనం అక్కర్లేదు.

"మామా, ఉన్నవా? 4.4 నిలబడిందా?"

"లేదు. తీసేసిన. స్టాక్‌లోనే ఉంది."

"మరి సంతలో ఎంతొస్తోంది?"

"46."

అటువైపు మాట లేదు.

"నాకు 42 దాటట్లే," అంటాడు కాసేపాగి.

"టాస్క్ మేనేజర్ తెరువు. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కు. కింద స్పీడ్ అని ఉంటది, చదువు."

కీబోర్డు చప్పుడు. మౌసు చప్పుడు.

"2133."

"నువ్వు కొన్న ర్యామ్ ఎంతది?"

"3200ది కదా మామా, ఇద్దరం ఒక్కచోటే కొన్నం."

"సరే. గేమ్ సేవ్ చెయ్. ముందు నీ 4.4 తీసెయ్, తర్వాత ఏం చెయ్యాల్నో చెప్తా."