సెంబేన్ రాత్రిబడి

1963లో వచ్చిన ‘బొరోమ్ సారెట్’ నిడివి సుమారు ఇరవై నిమిషాలు. సెనెగల్ రాజధాని డాకర్‌లో గుర్రబ్బండి తోలుకునే ఒక పేదవాడి ఒక్కరోజు కథ. బండెక్కినవాళ్లలో కొందరు బాడుగే ఇవ్వరు. దారిలో ఒక గ్రియో, అంటే మన భట్రాజులాంటివాడు, వంశాన్ని ఆకాశానికెత్తేసరికి ఆ పొగడ్తకు కరిగిపోయి చేతిలోని డబ్బంతా ఇచ్చేస్తాడు. చనిపోయిన పసిబిడ్డను తెచ్చిన తండ్రిని కాగితాలు సరిగ్గా లేవని ఖబరస్తాన్ వాకిట్లోనే ఆపేస్తారు. చివరికి సూటు వేసుకున్న ఒకాయన మాట నమ్మి, బళ్లకు అనుమతి లేని ‘ప్లాటో’ అనే ఖరీదైన పేటకు వెళితే పోలీసు బండి లాక్కుంటాడు. తీసుకెళ్లినాయన మెల్లగా జారుకుంటాడు. ఆ పోలీసూ నల్లవాడే, సూటాయనా నల్లవాడే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లు.

అంతకుముందు ఫ్రెంచి వలసల్లోని ఆఫ్రికావాళ్లకు తమను తాము తెరపై చూపించుకునే వీలు దాదాపు లేదు. అక్కడ సినిమా తీయాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని 1934లో లావాల్ ఉత్తర్వు వచ్చింది. అందుకే పోలాఁ వియేరా అనే ఆఫ్రికా దర్శకుడి బృందం 1955లో తమ లఘుచిత్రాన్ని పారిస్ వీధుల్లో తీసుకోవలసి వచ్చింది.

‘బొరోమ్ సారెట్’ తీసిన ఉస్మాన్ సెంబేన్ రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడిన సిపాయి. తర్వాత మార్సే రేవులో మూటలు మోశాడు, కార్మిక సంఘంలో పనిచేశాడు, నవలలు రాశాడు. తన పుస్తకాలు ఎవరి గురించి రాశాడో వాళ్లే చదవలేరని గ్రహించి, నలభైకి దగ్గరపడ్డాక మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. సినిమాను ఆయన రాత్రిబడి అనేవాడు. రీళ్లు పట్టుకుని ఊళ్లకు వెళ్లి, బొమ్మ అయ్యాక జనంతో చర్చ పెట్టేవాడు.

ఆ బడిలో అందరికన్నా బాగా పాఠం చెప్పేది ‘మాండబీ’ (1968). వోలోఫ్ భాషలో తీసిన తొలి పూర్తి నిడివి చిత్రమిది. ఇద్దరు భార్యలు, గంపెడు పిల్లలు ఉన్న నిరుద్యోగి ఇబ్రహీమా జెంగ్‌కు పారిస్ నుంచి మేనల్లుడు 25,000 ఫ్రాంకుల మనియార్డరు పంపుతాడు. అందులో ఇతని వాటా 2,000 మాత్రమే. డబ్బు చేతికి రాకముందే పేటంతా అప్పులకు వాలుతుంది. పోస్టాఫీసులో గుర్తింపు కార్డు అడుగుతారు, కార్డుకు జననపత్రం కావాలంటారు, ఫొటో కావాలంటారు. ఆఖరికి సాయం చేస్తానన్న చదువుకున్న బంధువే డబ్బు కాజేసి, జేబుదొంగలు కొట్టేశారని కథ చెబుతాడు. జెంగ్ కూడా అమాయకుడేం కాదు. ఇంట్లో భార్యల ముందు అతని దర్పం చూస్తే నవ్వాగదు. ఆ నవ్వులో జాలి ఉంది గానీ చిన్నచూపు లేదు. బయటివాడు తీస్తే అతను బాధితుడో విదూషకుడో అయ్యేవాడు.

ఆఫ్రికా సినిమా అంటే ఇదొక్కటే తీరు కాదు. మాలి దర్శకుడు సులేమాన్ సిస్సే కూడా మాస్కోలోనే చదువుకున్నాడు. అయినా ‘యీలెన్’ (1987)లో బంబారా జాతివాళ్ల మంత్రతంత్రాల గాథను ఎంచుకుని కాన్స్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి అందుకున్నాడు. అది అందమైన సినిమా. నా ఓటు మాత్రం సెంబేన్‌కే.

సొంతవాళ్లను కూడా విమర్శించకుండా వదలనందుకు ఆయన మూల్యం చెల్లించాడు. కొత్త పాలకవర్గాన్ని వెక్కిరించిన ‘హాలా’ (1975)కు సెన్సారు కత్తెరలు పడ్డాయి. మతం, బానిస వ్యాపారం కలిసి నడిచిన తీరును చూపిన ‘చెడ్డో’ (1977)ను సెనెగల్‌లో నిషేధించారు. 1944లో థియరాయ్ శిబిరంలో ఫ్రెంచి సైన్యం ఆఫ్రికా సిపాయిలను కాల్చిచంపిన ఘటనపై తీసిన చిత్రం ఫ్రాన్స్‌కు రుచించలేదు. అంటే ఇరువైపులా శత్రువులే.

ఎనభయ్యో పడి ఒడ్డున తీసిన ‘మూలాడే’ (2004) ఆయన చివరి చిత్రం. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారానికి భయపడి పారిపోయి వచ్చిన నలుగురు పిల్లలకు కోలే అనే ఇల్లాలు ఆశ్రయమిస్తుంది. ఆశ్రయం పొందినవాళ్లను ముట్టుకోరాదన్నది ఆ ఊరి పాత కట్టుబాటే. ఆచారాన్ని ఎదిరించే ఆయుధం ఆచారంలోనే దొరుకుతుంది. ఆడవాళ్ల చెవిన కొత్త మాట పడకూడదని మగవాళ్లు వాళ్ల రేడియోలన్నీ పోగేసి తగలబెడతారు. 2007లో కన్నుమూసిన సెంబేన్‌ను ఇంకా చూడనివారు ‘మాండబీ’తో మొదలుపెట్టండి.