తైపింగ్ చెరువు గట్టున

1899 ఫిబ్రవరిలో, బీజింగ్ కోటగోడ లోపల, గొర్రెలదొడ్డి అనే పేరున్న ఓ ఇరుకు సందులో, మంచూ సిపాయి ఇంట ఒక మగబిడ్డ పుట్టాడు. ఏడాదిన్నర తిరక్కుండానే ఎనిమిది దేశాల సైన్యాలు ఊరిమీద పడ్డాయి. ఆ పోరులో తండ్రి చనిపోయాడు. తల్లి ఇరుగుపొరుగు బట్టలు ఉతికి, చిరుగులు కుట్టి పిల్లల్ని సాకింది. షూ ఛింగ్‌చున్ అనే ఆ పిల్లవాడే పెరిగి లావో షే అయ్యారు. ఆయన కలం ఎక్కడ తిరిగినా చివరికి ఆ సందులోకే వచ్చి వాలేది.

అప్పటి బీజింగ్‌ని ఊహించుకోండి. మన మండువా లోగిళ్లను తలపించేలా, నడుమ వాకిలి వదిలి నాలుగు వైపులా కట్టిన ఇళ్లు. వాటి మధ్య హుటోంగ్ అనే సన్నటి సందులు. అన్నింటినీ చుట్టి మింగ్ రాజుల నాటి గోడ. లోపలి గోడే దాదాపు 24 కిలోమీటర్లు, దానికి తొమ్మిది ద్వారాలు. దక్షిణాన మరో గోడ, ఏడు ద్వారాలు. ఈ ఊళ్లో రిక్షా లాగి బతికే ష్యాంగ్‌త్సు కథని లావో షే 1936లో ధారావాహికగా రాయడం మొదలుపెట్టారు. సొంత రిక్షా కొనుక్కోవాలన్నది అతని ఒకే ఒక్క కోరిక. మొదటి రిక్షాని సైనికులు లాక్కున్నారు. మళ్లీ కూడబెట్టిన డబ్బు ఓ పోలీసు గూఢచారి పాలైంది. చివరి రిక్షా పెళ్లాం అంత్యక్రియలకు అమ్ముడుపోయింది. పాత ఊరిని ప్రాణంగా ప్రేమించిన రచయితే అది పేదవాణ్ణి ఎలా నమిలేస్తుందో అందరికంటే వివరంగా చెప్పారు. ఇది మరిచిపోతే తర్వాతి కథ అర్థం కాదు.

1949 చివర్లో ఆయన అమెరికా నుంచి తిరిగొచ్చారు. ఊరికి దక్షిణాన తియాన్‌ఛ్యావ్ దగ్గర లుంగ్‌షుగౌ అనే మురుగు కాలువ ఉండేది. డ్రాగన్ మీసాల కాలువ అని ఆ పేరుకు అర్థం. పేరులో ఉన్న అందం నీళ్లలో లేదు. వానొస్తే మురుగు ఇళ్లలోకి పొంగేది. 1950లో కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం దాన్ని బాగుచేయించింది. ముందు పెద్దవాళ్ల వీధులు కాకుండా, ఈ కూలివాళ్ల కాలువ! లావో షే కదిలిపోయారు. దాని పేరుతోనే నాటకం రాశారు. అందులో ఓ రిక్షా కార్మికుడి చిన్న కూతురు కాలువలో పడి చనిపోతుంది. చివరికి కాలువ పూడి, రోడ్డు పడి, జనం పండుగ చేసుకుంటారు. 1951లో నగర ప్రభుత్వం ఆయనకు ‘ప్రజా కళాకారుడు’ అన్న బిరుదు ఇచ్చింది.

దాన్ని ప్రచార నాటకం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఉతికిన బట్టల కూలితో పెరిగినవాడికి మురుగు పోవడమంటే ఏమిటో తెలుసు. ఆ ఒక్క ఏడాది బీజింగ్ గురించి పత్రికలు చెప్పిందీ రచయిత చెప్పిందీ ఒకటే అయ్యాయి. రెండూ నిజమే చెప్పాయి. మళ్లీ ఎన్నడూ అలా కలవలేదు.

సరిగ్గా ఆ 1950లోనే వాస్తుశిల్పి లియాంగ్ సుచెంగ్ మరో మాట చెప్పారు. ప్రభుత్వ కార్యాలయాలను పాత ఊరి నడిబొడ్డున కట్టవద్దు, పడమట కొత్త కేంద్రం కడదాం, గోడను ఉండనిద్దాం అన్నారు. గోడపైన పూలమొక్కలు పెంచి, బల్లలు వేస్తే సాయంత్రాలు జనం ఊరంతా చూస్తూ కూర్చుంటారని బొమ్మ గీసి మరీ చూపించారు. సోవియట్ నిపుణుల సలహా వేరు. ప్రభుత్వం దాన్నే విన్నది. పత్రికల భాషలో గోడ భూస్వామ్య అవశేషం, రాకపోకలకు అడ్డం. 1955లో లియాంగ్ మీద విమర్శల దాడి సాగింది. ఆ ఏప్రిల్ 1న, ఆయనతో కలిసి గోడకోసం వాదించిన భార్య లిన్ హుయియిన్ క్షయతో కన్నుమూశారు. ఒక్కో ద్వారం కూలుతుంటే తన ఒంట్లో కండ కోసినట్టు బాధపడ్డానని లియాంగ్ తర్వాత రాసుకున్నారు.

1957లో లావో షే ‘టీ దుకాణం’ నాటకం అచ్చయింది. ఒకే దుకాణం, మూడు కాలాలు, దాదాపు యాభై ఏళ్లు. కాలానికి తగ్గట్టు బల్లలు మార్చి, గోడల అలంకారం మార్చి, ఎంత సర్దుకున్నా యజమాని వాంగ్ లిఫా నిలదొక్కుకోలేడు. చివరి అంకంలో ముగ్గురు ముసలివాళ్లు చనిపోయినవారికోసం చల్లే కాగితపు డబ్బుని తమకోసం తామే చల్లుకుంటారు. తర్వాత యజమాని ఉరేసుకుంటాడు. కథ నడిచేదంతా పాత పాలనల్లోనే. అయినా 1958లో వేదికెక్కిన కొద్ది నెలలకే ప్రదర్శనలు ఆగాయి. గతించినదానికోసం కన్నీరు పెట్టడమే అనుమానించవలసిన పనైపోయింది.

1965 జూలై 1న భూగర్భ రైలు పని మొదలైంది. పైనుంచి కందకం తవ్వి, సొరంగం కట్టి, కప్పేసే పద్ధతి అది. గోడ వెంబడి తవ్వితే ఇళ్లు ఎక్కువ కూల్చనక్కర్లేదు. అందుకని గోడను కూల్చుకుంటూ పోయారు.

తర్వాతి ఏడాది ఆగస్టు 23. ఆ ఉదయం ‘పీపుల్స్ డైలీ’ మొదటి పేజీలో, సాంస్కృతిక విప్లవపు యువదళాలైన రెడ్‌గార్డులను ఆకాశానికెత్తింది. వాళ్లు వీధుల పేర్లు మారుస్తున్నారు, దుకాణాల బోర్డులు పీకుతున్నారు, పాతని తుడిచేస్తున్నారు, భేష్ అన్నది. అదే రోజు కన్ఫ్యూషియస్ ఆలయ ఆవరణలో ఒపేరా దుస్తులు కుప్పపోసి తగలబెట్టారు. ఆ మంట చుట్టూ రచయితలనూ కళాకారులనూ మోకాళ్లమీద కూర్చోబెట్టి కొట్టారు. వాళ్లలో 67 ఏళ్ల లావో షే ఉన్నారు. రక్తం కారుతున్న ఆయన తలకు రంగస్థల దుస్తుల పొడుగాటి తెల్లచేయి ఒకటి కట్టుగా చుట్టారు. మర్నాడు మూడేళ్ల మనవరాలితో ‘తాతకి టాటా చెప్పు’ అని ఇంట్లోంచి బయల్దేరి, ఊరి వాయవ్యాన తైపింగ్ చెరువు గట్టుకు వెళ్లారు. పొద్దంతా అక్కడే కూర్చున్నారట. గోడకు అవతల చెరువు, ఇవతల ఒకప్పుడు తల్లి బతికిన ఇల్లు. అమ్మ దగ్గరికే వెళ్లారని కొడుకు తర్వాత రాశాడు. తైపింగ్ అంటే మహాశాంతి. 25న శవం దొరికింది.

అస్థికలు ఉంచనివ్వలేదు. 1978లో ప్రభుత్వం ఆయన పరువు తిరిగి ఇచ్చి, అస్థికల పెట్టెను గౌరవంగా ఉంచినప్పుడు అందులో ఉన్నవి కళ్లజోడు, పెన్ను, కుంచెకలం, కాస్త మల్లెపూల టీ.

1957లో కూల్చిన యుంగ్‌దింగ్‌మెన్ ద్వారాన్ని 2004లో కొత్త ఇటుకలతో కట్టారు. 2008 ఒలింపిక్స్‌లో టీవీలన్నీ ఉక్కు పక్షిగూడు లాంటి స్టేడియాన్ని చూపించాయి. లియాంగ్ దంపతులు ఉన్న పాత ఇల్లు 2012కల్లా నేలమట్టమైంది. 2024లో నగర మధ్యరేఖకు యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇవన్నీ వార్తలయ్యాయి.

తైపింగ్ చెరువు మాత్రం ఇప్పుడు లేదు. 1970లలో దాన్ని పూడ్చి, గోడ పోయిన దారిన తిరిగే భూగర్భ రైళ్లకు అక్కడ డిపో కట్టారు.