హోండా వర్సెస్ ఫెరారీ: ఎన్‌ఎస్‌ఎక్స్ మొదటిసారి గెలిచింది, రెండోసారి ఎందుకు తడబడింది?

హోండా అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? అమ్మ నడిపే యాక్టివా. నాన్న కాలం నాటి హీరో హోండా బండి. కాస్త డబ్బున్న చుట్టాల ఇంటి ముందు ఆగి ఉండే సిటీ. సరిగ్గా ఇదే కంపెనీ ఒకసారి కాదు, రెండుసార్లు ఫెరారీ మీదకి సూపర్‌కార్ దించింది. పేరు ఎన్‌ఎస్‌ఎక్స్. అమెరికాలో అక్యూరా పేరుతో, మిగతా చాలా చోట్ల హోండా పేరుతోనే అమ్మారు. మొదటిది 1990లో వచ్చి దుమ్ము లేపింది. రెండోది 2016లో హైబ్రిడ్‌గా వచ్చింది, పవర్ రెట్టింపు పైనే. అయినా షోరూముల్లో కొనేవాళ్లు కరువయ్యారు. ఈరోజు మన కథ అదే.

1980ల చివరికి వెళ్దాం. ఫార్ములా వన్‌లో హోండా ఇంజన్లకి తిరుగులేని రోజులవి. 1988లో మెక్‌లారెన్-హోండా 16 రేసుల్లో 15 గెలిచింది. ఇంజన్ చేయడం వీళ్లకి వచ్చు అని అందరూ ఒప్పుకున్నారు. కానీ రోడ్డు మీద హోండా అంటే బుద్ధిగా ఆఫీసుకి తీసుకెళ్లే కారు, అంతే.

అప్పట్లో ఫెరారీ కొనడం అంటే ఏనుగుని పెంచడం లాంటిది. చూడటానికి వైభోగం, మేపడానికి ఆస్తులు కావాలి. ఫెరారీ 348లో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజన్ మొత్తం కారు నుంచి కిందకి దించాలి. ఆలోచించండి, మన బండికి బెల్టు మార్చాలంటే ఇంజన్ దించాలని మెకానిక్ అంటే ఏమంటాం? కానీ ఫెరారీ ఓనర్లు నోరు మెదపలేదు. సూపర్‌కార్ అంటే ఇంతే అనుకున్నారు.

హోండా పట్టుకున్న పాయింట్ ఇదే. షిగెరు ఉయెహారా అనే ఇంజనీర్ నాయకత్వంలో టీమ్ పని చేసింది. బాడీ మొత్తం అల్యూమినియంతో చేశారు. అల్యూమినియం మోనోకాక్‌తో పెద్ద సంఖ్యలో తయారైన మొదటి కారు ఇదే. ఇంజన్ 3.0 లీటర్ వీ6, వీటెక్ టెక్నాలజీ, టైటానియం కనెక్టింగ్ రాడ్లు, 8,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. 270 హార్స్‌పవర్. ఎఫ్-16 యుద్ధ విమానంలో పైలట్‌కి చుట్టూ కనిపించినట్టు డ్రైవర్‌కి కూడా కనిపించాలని ఇంజన్ ముందు, గాజు మధ్యలో కూర్చోబెట్టారు. అన్నిటికంటే ముఖ్యం ఏంటంటే, పొద్దున్నే తాళం తిప్పితే సివిక్ లాగే స్టార్ట్ అవుతుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి మొరాయించదు.

1989 ఫిబ్రవరిలో సుజుకా ట్రాక్ మీద అయర్టన్ సెన్నా చేత నడిపించారు. ఆయన మొహమాటపడలేదు, బాడీ కాస్త బలహీనంగా ఉన్నట్టుందని చెప్పాడు. టీమ్ కారుని జర్మనీ తీసుకెళ్లి నూర్బర్గ్‌రింగ్‌లో నెలల తరబడి పరీక్షించి, గట్టిదనం బాగా పెంచింది. తర్వాత ఇదే సెన్నా లోఫర్ బూట్లు, తెల్ల సాక్స్‌తో ఎన్‌ఎస్‌ఎక్స్‌ని సుజుకాలో ఆడించిన వీడియో ఉంది. చూడకపోతే చూడండి. పెడల్స్ మీద ఆ కాళ్ల పని చూస్తుంటే డ్యాన్స్ చూసినట్టే ఉంటుంది.

ఇంకొకాయన గోర్డన్ మర్రే. మెక్‌లారెన్ ఎఫ్1 రోడ్డు కారు డిజైన్ చేసిన మనిషి. ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపాక, అప్పటిదాకా తన కారుకి కొలతగా పెట్టుకున్న మిగతా సూపర్‌కార్లని పక్కన పెట్టేశాడు. తన కారుకి ఇంజన్ కూడా హోండానే అడిగాడు. హోండా కాదంది, బీఎండబ్ల్యూ ఇచ్చింది. చరిత్రలో ఒక్కోసారి ఇలాంటి చిన్న "నో"లు భలే విచిత్రంగా ఉంటాయి.

ఇక్కడి నుంచి అసలు మలుపు. ఎన్‌ఎస్‌ఎక్స్ చూశాక మిగతావాళ్లు కళ్లు తెరిచారు. 1994లో వచ్చిన ఫెరారీ 355, 348 కంటే ఎన్నో రెట్లు మెరుగు. పోర్షె, లంబోర్గిని కూడా రోజూ నడపగలిగే కార్ల వైపు వచ్చాయి. మరి ఈలోగా హోండా ఏం చేసింది? పెద్దగా ఏమీ లేదు. 1997లో ఇంజన్‌ని 3.2 లీటర్లు చేసి 290 హార్స్‌పవర్ ఇచ్చింది. 2005లో ఆపేసేదాకా అదే. అప్పటికి ఫెరారీ ఎఫ్430 దాదాపు 490 ఇస్తోంది.

తర్వాతి కారుకి ముందువైపు వీ10 ఇంజన్ పెడదామనుకున్నారు. 2008 డిసెంబర్‌లో, ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో ఉండగా, ఆ ప్రాజెక్టుని రద్దు చేశారు. మళ్లీ 2012 జనవరిలో డెట్రాయిట్ షోలో హైబ్రిడ్ కాన్సెప్ట్ చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అయితే కొనేవాళ్ల చేతికి కారు వచ్చింది 2016లో! మధ్యలో ఇంజన్ ప్లానే మార్చేశారు. అడ్డంగా పెట్టాలనుకున్న మామూలు వీ6 తీసేసి, నిలువుగా ట్విన్ టర్బో వీ6 పెట్టారు. అంటే కారు మొత్తం మళ్లీ డిజైన్ చేయాలి. నిర్ణయం సరైనదే, కానీ టైమ్ తినేసింది. ఆ నాలుగేళ్లలో పోర్షె 918, మెక్‌లారెన్ పీ1, లాఫెరారీ, బీఎండబ్ల్యూ ఐ8 అన్నీ వచ్చేశాయి. "హైబ్రిడ్ సూపర్‌కారా, ఇదేదో కొత్తగా ఉందే" అనే మాట అప్పటికే పాతబడింది.

కారు మాత్రం అద్భుతం, అందులో నాకు అనుమానం లేదు. అమెరికాలో ఒహైయో రాష్ట్రం మేరీస్‌విల్‌లో దీని కోసమే ప్రత్యేకంగా ఒక ప్లాంట్ పెట్టారు. 3.5 లీటర్ ట్విన్ టర్బో వీ6, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, మొత్తం 573 హార్స్‌పవర్. ఒక మోటార్ ఇంజన్‌కీ 9 గేర్ల గేర్‌బాక్స్‌కీ మధ్యలో ఉంటుంది. టర్బో ఊపందుకునే లోపు వచ్చే గ్యాప్‌ని అది నింపుతుంది. మిగతా రెండూ ముందు చక్రాలకి, ఒక్కోదానికి ఒకటి. మలుపులో బయటి చక్రాన్ని ముందుకి లాగుతాయి, లోపలి చక్రాన్ని కాస్త ఆపుతాయి. దాంతో కారు తనంతట తానే మలుపులోకి తిరుగుతున్నట్టు ఉంటుంది. ప్లగ్ పెట్టే పని లేదు, బ్యాటరీ నడుస్తూనే ఛార్జ్ అవుతుంది.

మరి లోపం ఎక్కడ? బరువు సుమారు 1,725 కిలోలు. పోటీగా ఉన్న మెక్‌లారెన్ 570ఎస్ రెండున్నర వందల కిలోలకు పైగా తేలిక. ధర అమెరికాలో 1,56,000 డాలర్ల దగ్గర మొదలైంది. అప్పట్లో ఆ డబ్బుకి ఇంకాస్త కలిపితే పోర్షె 911 టర్బో ఎస్ వచ్చేది, అది రోజూ ఏ పేచీ పెట్టకుండా నడుస్తుంది. లోపల కూర్చుంటే స్క్రీన్ మామూలు హోండా కార్లలో కనిపించే తరహాదే. లక్షన్నర డాలర్లు పెట్టినవాడికి అక్కడే మనసు చివుక్కుమంటుంది.

1990లో హోండా అమ్మింది కేవలం కారు కాదు, ఫెరారీ దగ్గర లేని నమ్మకం. 2016 నాటికి ఆ నమ్మకం అందరి దగ్గరా ఉంది. అది వాళ్లకి నేర్పిందే హోండా. మరి హోండా దగ్గర మాత్రమే దొరికేది ఇంకేం మిగిలింది? మోటార్ల తెలివి. అది స్టీరింగ్ పట్టుకుంటే తెలుస్తుంది, ఫోన్‌లో స్పెక్స్ చూస్తే తెలీదు. అమెరికాలో 2017లో 581 కార్లు పోయాయి, 2018లో 170. అంతే.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. ఇదే కారు జీటీ3 రేసు వెర్షన్ 2019, 2020 రెండేళ్లూ అమెరికా ఇమ్సా సిరీస్‌లో జీటీడీ టైటిల్ గెలిచింది. కానీ జీటీ3 రూల్స్ హైబ్రిడ్‌ని ఒప్పుకోవు కాబట్టి, ఆ మూడు మోటార్లూ తీసేసి పరిగెత్తింది!

చివరిగా 600 హార్స్‌పవర్‌తో టైప్ ఎస్ అని 350 కార్లు చేసి, 2022 చివర్లో ఆపేశారు. రెండో తరం మొత్తం కలిపినా 3,000 దాటలేదు.

మరి ఓడిపోయినట్టేనా? 2019లో ఫెరారీ ఎస్‌ఎఫ్90 వచ్చింది. ట్విన్ టర్బో ఇంజన్, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఒక మోటార్, ముందు చక్రాలకి రెండు. గుర్తొచ్చిందా? అదే అమరిక. 2024లో లంబోర్గిని టెమెరారియో కూడా అంతే, మూడు మోటార్లు, రెండు ముందు, ఒకటి వెనక. కాకపోతే వాటి ముందు భాగం మీద గుర్రం, ఎద్దు బొమ్మలున్నాయి, పవర్ వెయ్యి చుట్టూ ఉంది, ప్లగ్ కూడా పెట్టుకోవచ్చు. ధర ఎన్‌ఎస్‌ఎక్స్ కంటే చాలా ఎక్కువైనా జనం కొన్నారు.