మోటారు రబ్బరు గొట్టముల పూర్వోత్తరములు

మోటారు ఇంజనులో పెట్రోలు మండగా పుట్టు వేడిమిలో దాదాపు మూడవ వంతు మాత్రమే చక్రములను త్రిప్పు శక్తిగా మారును. మరియొక మూడవ వంతు పొగగొట్టము వెంట వెలికి పోవును. మిగిలిన భాగమును ఎడతెగక మోసికొనిపోయి గాలిలో పారవేయు ఏర్పాటు లేనిచో, ఆ ఇంజను కొలది నిమిషములలోనే తన వేడిమికి తానే ఆహుతియగును. ఈ మోతపని నీటిది. ఆ నీరు నడచు దారిలో ఇనుమును అల్యూమినియమును దాటిన పిమ్మట, చేతితో పట్టిన నొక్కుపడు మెత్తని రబ్బరు గొట్టములు కొన్ని తావుల నెదురగును. పాత టర్బో కారు కలవారు టర్బోను గూర్చియు, పిస్టనులను గూర్చియు గంటల తరబడి ముచ్చటింతురు గాని, ఈ గొట్టములు పగిలి నడిరోడ్డున ఆవిరి లేచువరకు వాటి ప్రసక్తి తేరు. నా దృష్టిలో ఆ కారు మొత్తమున మిక్కిలి చరిత్ర గల భాగము అదియే. మోటారు పుట్టిననాటినుండి మనుష్యుడు వేడిమితో చేసికొనుచు వచ్చిన ఒడంబడిక యంతయు ఆ జానెడు రబ్బరులో నిమిడియున్నది. అది గడువు గల ఒడంబడిక, గడువు తీరిన ప్రతిసారి క్రొత్తగా వ్రాసికొనవలసినది.

1886లో జర్మనీ దేశపు మాన్‌హైము పట్టణమున కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల బండికి రేడియేటరు లేదు. సిలిండరు చుట్టునున్న నీరు మరగి ఆవిరియై పోవుచుండుటయే దానిని చల్లబరచు పద్ధతి. 1888 ఆగస్టు మాసమున ఆయన భార్య బెర్తా బెంజ్, కుమారులిరువురను వెంటబెట్టుకొని, భర్తతో చెప్పకయే ఆ తరహా బండి నొకదానిని తీసి, 100 కిలోమీటర్లకు పైబడిన దూరమున ఫోర్జ్‌హైములోనున్న తల్లియింటికి బయలుదేరినప్పుడు, దారిపొడవున ఆగి ఆగి నీరు పోయవలసివచ్చెను. ఇంధనము కొరకు ఆమె ఆగిన వీస్లోఖు మందుల దుకాణమును ప్రపంచపు మొదటి పెట్రోలు బంకుగా నేటికిని కొనియాడుచున్నారు. ఆమెకు నీరిచ్చిన వాగులకు, సత్రములకు అట్టి కీర్తి దక్కకపోవుట న్యాయము కాదని నాకు తోచును. ఈ నీటి దాహమును తీర్చినవాడు విల్‌హెల్ము మైబాహ్. 1901 నాటి 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారునకు ఆయన 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టములను 8,070 ఒకచోట పేర్చి అతికి ముందుభాగమున నిలిపెను. గాలి ఆ రంధ్రముల గుండా దూసికొనిపోవుచు వాటి చుట్టును నిలిచిన నీటిని చల్లార్చెను. 9 లీటర్ల నీటితో ఆ పెద్ద ఇంజను పని జరిగిపోయెను.

ఇచ్చట ఒక చిక్కు వచ్చెను. ఇంజను వడకుచుండును, యాక్సిలరేటరు నొక్కినప్పుడెల్ల ఒక ప్రక్కకు ఒరిగి మరల నిలుచును. రేడియేటరో, పలుచని రేకులకు మాటులు పెట్టి అతికిన సుకుమారమైన వస్తువు, చట్రమునకు బిగింపబడి కదలక యుండును. ఈ రెంటిని లోహపు గొట్టముతో కలిపినచో వడకంతయు రేడియేటరు మాటులపై బడి అవి చిట్లిపోవును. కదలుదానికిని కదలనిదానికిని నడుమ నిలిచి, రెంటికిని లొంగు పదార్థమొకటి కావలసివచ్చెను. అది అప్పటికి అరువదియేండ్లుగా లోకమున సిద్ధముగానే యుండెను. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రపు వూబర్న్ ఊర 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్, గంధకము కలిపిన రబ్బరు వేడి పొయ్యికి సోకినను కరిగిపోక, సాగుగుణమును నిలుపుకొనుట గమనించి, సంవత్సరముల తరబడి దాని వెంటబడి, 1844లో పేటెంటు సంపాదించి, 1860లో అప్పులతోనే కన్నుమూసెను. ఎండకు బంకయై, చలికి పెళుసై యుండిన పదార్థము ఆయన సంస్కారముతో మనుష్యునకు లొంగెను. గంధకమును వేడిమియు కలిసి రబ్బరు అణుమాలలను ఒకదానితో నొకటి ముడివేయును. ఆ ముళ్లు తగుమాత్రముగా నుండుటయే రబ్బరునకు ప్రాణము. ఇంజను ప్రక్కన ఏండ్ల తరబడి కాగుచుండగా, గాలిలోని ప్రాణవాయువు తోడై, క్రొత్త ముళ్లు పడుచు పాతవి తెగుచు, గొట్టము క్రమముగా తన సహజగుణమును కోల్పోవును. ఏ వేడిమి దానికి ప్రాణము పోసెనో, ఆ వేడిమియే దాని ముసలితనమునకు కారణమగును.

1908లో హెన్రీ ఫోర్డు వెలువరించిన మోడల్ టి కార్లలో మొదటి 2,500 బండ్లకు మాత్రమే నీటి పంపు ఉండెను. పిమ్మట దానిని తీసివేసిరి. వేడియైన నీరు తేలికయై పైకెక్కి, పై గొట్టము గుండా రేడియేటరు శిరమున జేరి, చల్లారి బరువై దిగి, క్రింది గొట్టము గుండా మరల ఇంజనులో ప్రవేశించును. దీనిని థర్మోసైఫను అందురు. త్రోయువాడు లేని నీటికి దారి విశాలముగా నుండవలెను గనుక ఆ కాలపు గొట్టములు లావైనవి, పొట్టివి, రబ్బరు పట్టించిన నేతగుడ్డను పొరలు పొరలుగా చుట్టి చేసినవి. గొట్టమెంత మంచిదైనను కట్టు సరిగా లేనిచో నీరు నిలువదు గదా! తొలినాళ్లలో తీగ చుట్టియు, చెవులు గల పట్టీకి బోల్టు బిగించియు సరిపెట్టుకొనిరి. పట్టీ గుండ్రముగా బిగియక, చెవుల వద్ద సందు మిగిలి, అచ్చటినుండియే నీరు చెమర్చెడిది. బ్రిటిషు నౌకాదళమున కమాండరుగా పనిచేసిన లమ్లీ రాబిన్సన్ 1921లో దీనికి పరిష్కారము కనుగొని పేటెంటు పొంది, కెంట్ మండలపు గిల్లింగ్‌హాములో జూబిలీ క్లిప్పులను తయారుచేయ నారంభించెను. పలుచని ఉక్కుపట్టీ మీద ఏటవాలు గాడులు, ఆ గాడులలో పల్లుపట్టి తిరుగు చిన్న స్క్రూ: ఇంతే దాని నిర్మాణము. స్క్రూ డ్రైవరును ఒక చుట్టు త్రిప్పిన పట్టీ వెంట్రుకవాసి మాత్రమే బిగియును. ఆ బిగువు గొట్టము చుట్టును సమముగా పరచుకొనును. వదలిపెట్టిన తనంతట తాను వెనుకకు తిరుగదు. నూరేండ్లు గడచినను, మన మెకానికుల పెట్టెలలో హోస్ క్లిప్పుల పేర దొర్లుచున్నవి ఆ వంశమునకు చెందినవే. ఇంత చిన్న వస్తువు ఇంతకాలము ఇంత తక్కువ మార్పుతో నిలుచుట యంత్రచరిత్రలో అరుదు.

తరువాతి కాలమున నీటిలో గ్లైకాలును కలుపుట అలవాటయ్యెను. సగముపాళ్లుగా కలిపినచో సున్నకు 37 డిగ్రీలు దిగువ వరకు ఆ ద్రవము గడ్డకట్టదు, శీతలదేశములలో ఇంజను పగులదు. రేడియేటరు మూతకు స్ప్రింగు పెట్టి లోపల ఒత్తిడి నిలుపుటయు వచ్చెను. వాయుమండలపు ఒత్తిడికి మరియొక అంత ఒత్తిడి చేరినచో నీరు 100 డిగ్రీలకు బదులు 120 డిగ్రీల వద్ద గాని మరగదు. వేసవిలో ఘాటు రోడ్డెక్కు లారీ డ్రైవరు తొందరపడి మూత త్రిప్పినప్పుడు వేడినీరు నిలువెత్తున చిమ్ముట మనవారెరిగినదే. మూత వదలినంతనే ఒత్తిడి పోయి, అంతవరకు మరుగక యుండిన నీరు ఒక్కసారిగా మరగుటయే దానికి హేతువు. ఆ ఒత్తిడినంతను ప్రతి ప్రయాణమునందును భరించునది రబ్బరు గొట్టము.

సహజరబ్బరు ఈ భారమునకు చాలకపోయెను. జీగ్లర్, నట్టా అను రసాయనవేత్తలు కనుగొని 1963లో నోబెలు బహుమానము నందిన ఉత్ప్రేరకముల వలన ఇథిలీను, ప్రొపిలీను వాయువులను కలిపి క్రొత్త రబ్బరును చేయుట సాధ్యమయ్యెను. ఈపీడీఎం అని పిలువబడు ఆ రబ్బరు వేడిమికి, ఓజోనుకు, గ్లైకాలునకు తలవంచదు. నూనె తగిలినచో మాత్రము ఉబ్బి మెత్తబడును. దానితో చేసిన గొట్టములు పైకి పగుళ్లు లేక నల్లగా నిగనిగలాడుచుండి కూడ హఠాత్తుగా పగులుచుండుట చూచి, 1980వ దశకమున అమెరికాలో గొట్టముల తయారీదారులు వాటిని కోసి పరీక్షించిరి. ఇనుప బ్లాకు, అల్యూమినియము హెడ్డు, ఇత్తడి రేడియేటరు ఒకే ద్రవములో మునిగియుండుటచే ఇంజను మొత్తము ఒక బలహీనమైన బ్యాటరీవలె పనిచేయుచు, ఆ విద్యుత్తు రబ్బరును లోపలినుండి చీల్చుచున్నదని తేలెను.

అట్టి గొట్టమును నిలువునా కోసి విప్పినయెడల లోగోడ మీద, తాటియాకుపై గంటముతో గీచినట్లు, సన్నని చీలికలు పొడవునా కనబడును. అవి నడుమ అరుదు. క్లిప్పునకు అంగుళము, రెండంగుళముల దూరములో మెండు. ఒక చీలికను ఇరుప్రక్కల వ్రేళ్లతో వంచి చూచినచో అడుగున బలముకొరకు అల్లిన దారము బయటపడును. ద్రవము ఆ దారమును పట్టి ప్రాకి దానిని కుళ్లజేసిన చోటనే గొట్టము పగులును. కనుకనే గొట్టము వయస్సు కంటికి తెలియదు, వ్రేళ్లకు తెలియును: చల్లారిన ఇంజనుపై గొట్టమును నడుమ నొకసారి, కొన వద్ద నొకసారి బొటనవ్రేలితో నొక్కి చూచి, కొన మెత్తగా నుండి లోపల కాలువ పడినట్లు తోచినచో దాని ఆయువు తీరినట్లే.

ఇక టర్బో సంగతి. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూహి 1905లోనే, వృథాగా పోవు పొగతో చక్రమును త్రిప్పి ఆ చక్రముతో ఇంజనులోనికి గాలి నెక్కించు ఉపాయమునకు పేటెంటు పొందెను. అది అమ్మకపు కార్లలోనికి వచ్చుటకు 1962 వరకు పట్టెను. ఆ యేట అమెరికాలో వచ్చిన రెంటిలో కోర్వేరు గాలితో చల్లారునది గనుక దానికి నీటి గొట్టములే లేవు. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైరు నీరును మిథనాలును కలిపిన ద్రవమును ఇంజనులో చల్లుకొనుచు నడచునది, ఆ ద్రవపు సీసాను నింపు ఓపిక కొన్నవారికి లేక త్వరలోనే నిలిచిపోయెను. నిత్యజీవితమున ఇల్లాలు, వైద్యుడు, ఉపాధ్యాయుడు నడపదగిన టర్బో కారును లోకమునకు అలవాటు చేసిన గౌరవమున పెద్దపాలు స్వీడనులోని సాబ్ సంస్థది. 1977లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో చూపిన సాబ్ 99 టర్బో 2 లీటర్ల ఇంజనుతో 145 అశ్వశక్తుల నిచ్చెను.

టర్బో చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. దాని ఇరుసును తేల్చునదియు, చల్లార్చునదియు తొలుత నూనె యొక్కటే. వేగముగా వచ్చి తటాలున తాళము త్రిప్పినచో నూనె ప్రవాహము నిలిచి, ఎర్రగా కాగియున్న చక్రపు వేడిమి ఇరుసులోనికి ప్రాకి, అచ్చట చిక్కిన నూనె మాడి బొగ్గగును. కారు ఆపుటకు ముందు కొంతసేపు ఇంజనును ఊరక నడువనిండని అందుచేతనే హితవు చెప్పెడివారు. 1980వ దశకమున టర్బో నడుమభాగమునకు నీటిగది నేర్పరచి, రెండు సన్నని గొట్టములతో ఇంజను నీటికి కలిపిరి. ఇంజను నిలిచిన పిమ్మట నీటిని త్రోయు పంపును నిలుచును గదా, ఆ నీటిని కదలించునది ఏది? మోడల్ టి కారును చల్లార్చిన ఆ థర్మోసైఫనే! వేడెక్కిన నీరు తనంతట తాను పైకెగసి పోవుచుండగా చల్లనిది దాని తావున జేరి, తాళము తీసిన తరువాత కూడ కొంతసేపు టర్బో వేడిమిని మోసికొనిపోవును. డెబ్బదియేండ్ల క్రింద చౌక కొరకు చేసిన ఏర్పాటు మిక్కిలి సున్నితమైన యంత్రభాగమును కాపాడుటకు మరల వచ్చుట నాకు ఎంతయో ఆనందమును గొలుపును. అయితే ఆ రెండు చిన్న గొట్టములకు కారు మొత్తమున మిక్కిలి వేడియైన తావు నివాసమయ్యెను. చాలవరకు మొదట పాడగునవి అవియే, మార్చుటకు చేయి దూరనివియు అవియే.

2011 డిసెంబరున ట్రోల్‌హెట్టన్‌లోని సాబ్ కార్ల సంస్థ దివాలా తీసెను. విడిభాగముల శాఖ స్వీడను ప్రభుత్వము చేతికి వచ్చి సాగెను. నాటి టర్బో కార్లను నేటికిని నడుపువారికి గొట్టములు మార్చుట ఒక ఆచారముగా మారినది. ఇంజను చల్లారనిచ్చి, ద్రవమును దింపి, పాత గొట్టమును లాగక నిలువుగా కోసి ఒలిచి తీయవలెను. లాగినచో రేడియేటరు మెడ విరుగును. మెడపై పట్టియున్న పాచిని గీకి నునుపు చేయనిచో క్రొత్త గొట్టమును చెమర్చును. టర్బో నుండి నూనె కారుచున్నచో ముందు దానిని ఆపవలెను, లేనిచో క్రొత్త ఈపీడీఎం గొట్టమునకు కూడ పాతదాని గతియే. వంపు గల చోట వంపుతో పోతపోసిన గొట్టమునే వాడవలెను. తిన్ననిదానిని వంచినచో లోపల మడతపడి దారి మూసికొనును. మెరయు రంగుల సిలికాను గొట్టములు వేడిమిని బాగుగ ఓర్చునన్నది నిజమే గాని, వాటి గుండా నీటియావిరి మెల్లగా ఇంకిపోవును, గాడులు కోసిన క్లిప్పులు వాటి మెత్తదనమును కొరికివేయును; దినదినము నడుపు కారునకు నేను ఈపీడీఎం గొట్టమునే కోరుదును, టర్బో ప్రక్కనుండు ఆ రెంటికి మాత్రము సిలికానును, నునుపైన లోపట్టీ గల క్లిప్పులను. క్రొత్త రబ్బరు మొదటి వేడికి కొంత అణగును గనుక, మరునాడు ఇంజను చల్లగా నున్నప్పుడు ప్రతి క్లిప్పును మరల పరికించి, లోపల చిక్కిన గాలి వెలువడి మట్టము దిగియున్నంత మేర ద్రవమును పోయవలెను.