పరాయి ఊరి గ్యాలరీలో: ఐరోపా ఫుట్‌బాల్ అభిమానుల ప్రయాణ సంస్కృతి

ఐరోపాలో పెద్ద ఫుట్‌బాల్ పోటీ జరిగే రోజున ఆ సంగతి స్టేడియం కంటే ముందు రైల్వే స్టేషన్‌లోనే తెలుస్తుంది. ఉదయం నుండే ఒకే రంగు చొక్కాలు, మెడలో ఒకే రంగు ఉన్ని స్కార్ఫులు ధరించిన జనం రైళ్లు దిగుతారు. తండ్రి భుజాల మీద పిల్లవాడు, చేతికర్రతో తాత, పాట ఎత్తుకున్న యువకులు కలిసి నడుస్తారు. వీరు తమ జట్టు వెంట పరాయి ఊరికి, తరచుగా పరాయి దేశానికి, తరలివచ్చిన అభిమానులు. ఐరోపా ఫుట్‌బాల్‌ను ఇతర ఖండాల క్రీడలతో పోల్చినప్పుడు ప్రత్యేకంగా కనిపించే అంశాలలో ఈ ప్రయాణం ప్రధానమైనది. దూరాలు తక్కువ, రైళ్లు ఎక్కువ, సరిహద్దులు దగ్గర కావడం దీనికి అనుకూలించింది.

వచ్చిన అతిథులకు ప్రతి స్టేడియంలోను ఒక మూల కేటాయిస్తారు. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య ‘యూఈఎఫ్ఏ’ నిర్వహించే క్లబ్ పోటీలలో స్టేడియం సామర్థ్యంలో కనీసం 5 శాతం టికెట్లు అతిథి జట్టు అభిమానులకు ఇవ్వాలన్నది నియమం. చుట్టూ వేలాది మంది ప్రత్యర్థి అభిమానులు ఉండగా, ఆ చిన్న మూలలో నిలబడి తమ ఊరి పాట పాడటమే ఈ ప్రయాణానికి పరమార్థం. ఆ మూలలో కూర్చున్న వారిని ఆతిథేయ నగరం ఎలా చూస్తుందన్న దానిపైనే ఈ సంస్కృతి మంచిచెడ్డలు ఆధారపడి ఉన్నాయి. ఈ పాఠాన్ని ఐరోపా ఎందరో ప్రాణాలు పోయిన తరువాతే నేర్చుకుంది.

ప్రయాణం మొదలైన తీరు

యూఈఎఫ్ఏ 1954లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో ఏర్పడింది. ఫ్రెంచి క్రీడా పత్రిక ‘లెకిప్’ ప్రోద్బలంతో 1955–56లో ఐరోపా ఛాంపియన్ క్లబ్బుల పోటీ ఆరంభమైంది. రాత్రివేళ దీపాల వెలుగులో వారం మధ్యలో ఆటలు జరిగేవి. అంతవరకు పొరుగూరి జట్టుతో తలపడటమే ఎరిగిన అభిమానులు పొరుగు దేశం వైపు చూడసాగారు.

1967 మే 25న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో స్కాట్లండ్‌కు చెందిన సెల్టిక్ క్లబ్ ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్‌ను 2–1 తేడాతో ఓడించి ఈ కప్పు గెలిచింది. ఆ రోజు ఆడిన సెల్టిక్ ఆటగాళ్లందరూ గ్లాస్గోలోని తమ స్టేడియానికి సుమారు 30 మైళ్ల లోపు పుట్టినవారే. కనుక ఆ జట్టు వెంట వెళ్లిన వారికి అది క్లబ్ గెలుపే గాక ఊరి పిల్లల గెలుపు కూడా అయింది. 2003 మే 21న అదే క్లబ్ యూఈఎఫ్ఏ కప్పు ఫైనల్ ఆడటానికి స్పెయిన్‌లోని సెవియాకు వెళ్లినప్పుడు దాదాపు 80 వేల మంది అభిమానులు వెంట నడిచారని అంచనా. స్టేడియంలో ఆట చూసింది సుమారు 52 వేల మంది మాత్రమే! టికెట్ దొరకదని తెలిసి కూడా వేలాది మంది ఎండలో వీధుల్లో నిలిచి పాడారు. అదనపు సమయంలో పోర్చుగల్ జట్టు పోర్తో చేతిలో సెల్టిక్ 3–2తో ఓడిపోయింది. అయినా గొడవలు లేకుండా తిరిగి వెళ్లిన ఆ అభిమానులకు అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిఫా’ ఆ సంవత్సరపు సత్ప్రవర్తన పురస్కారం ప్రదానం చేసింది.

రంగు, పాట, గ్యాలరీ

దేశాల జట్ల వెంట వెళ్లే వారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు ఉంది. నెదర్లాండ్స్ వారిది నారింజ రంగు. ఆ దేశపు రాజవంశం పేరే ‘ఆరెంజ్’ కావడం దానికి కారణం. 2024లో జర్మనీలో జరిగిన యూరో పోటీలలో వారు వేలాదిగా నారింజ దుస్తులతో ఎడమకు కుడికి గెంతుతూ వీధుల వెంట సాగారు. స్కాట్లండ్ అభిమానులు తమ సంప్రదాయ గళ్ల వస్త్రమైన ‘కిల్ట్’ కట్టి, తిత్తివాయిద్యం ఊదుకుంటూ వస్తారు.

గ్యాలరీ అలంకరణ విద్యకు పుట్టినిల్లు ఇటలీ. అక్కడ అభిమానాన్ని ‘టీఫో’ అంటారు. టైఫస్ జ్వరాన్ని తెలిపే మాట కూడా అదే. 1960 దశకం చివరలో అక్కడ ‘అల్ట్రా’ అనే అభిమాన బృందాలు ఏర్పడ్డాయి. పెద్ద జెండాలు, డప్పులు, గ్యాలరీ మొత్తాన్ని కప్పివేసే చిత్రాలు వారి నుండే ఖండమంతా వ్యాపించాయి.

జర్మనీలోని డోర్ట్‌మండ్ స్టేడియంలో దక్షిణపు గ్యాలరీ ‘పసుపు గోడ’గా ప్రసిద్ధి. సుమారు 25 వేల మంది నిలబడి చూసే ఆ గ్యాలరీ ఐరోపాలో నిలబడి చూసే గ్యాలరీలన్నింటిలోకి పెద్దది. జర్మనీలో నిలబడే చోట టికెట్ ధర తక్కువ కావడం వలన కార్మికులు, విద్యార్థులు ఇప్పటికీ స్టేడియానికి రాగలుగుతున్నారు.

పాటలు సైతం దేశాలు దాటుతాయి. ‘యూ విల్ నెవర్ వాక్ అలోన్’ అనే గీతం 1945 నాటి అమెరికా సంగీత నాటకం ‘కరౌసెల్’ లోనిది. 1963లో లివర్‌పూల్ నగరపు గాయక బృందం ఒకటి దానిని తిరిగి పాడిన పిమ్మట అక్కడి గ్యాలరీ ఆ పాటను తన సొంతం చేసుకుంది. నేడు గ్లాస్గో, డోర్ట్‌మండ్ అభిమానులు కూడా ఆట మొదలయ్యే ముందు స్కార్ఫులు పైకెత్తి అదే గీతం ఆలపిస్తారు.

భాషకు నీడనిచ్చిన మైదానం

రాజధానికి దూరంగా, వేరొక భాష మాట్లాడుకునే ప్రజలకు ఫుట్‌బాల్ మైదానం మరొక విధంగా ఆసరా అయింది. స్పెయిన్ ఉత్తర భాగాన, ఫ్రాన్స్ సరిహద్దుకు ఇరువైపులా బాస్క్ జాతి ప్రజలు నివసిస్తారు. వారి భాషకు చుట్టుపక్కల భాషలతో బంధుత్వం లేదు. జనరల్ ఫ్రాంకో పాలనలో ఆ భాషపై ఆంక్షలు ఉండేవి. వారి జెండా ‘ఇకుర్రిన్యా’ నిషిద్ధం. ఫ్రాంకో 1975లో మరణించినా ఆ నిషేధం తొలగలేదు. 1976 డిసెంబరు 5న సాన్ సెబాస్టియన్ పట్టణంలో రియల్ సోసియెదాద్, బిల్బావోకు చెందిన అథ్లెటిక్ క్లబ్ తలపడ్డాయి. రెండూ బాస్క్ జట్లే. ఇద్దరు నాయకులు ఇరిబార్, కోర్తబర్రియా ఆ జెండాను చెరొక వైపు పట్టుకుని మైదానంలోకి నడిచారు. ప్రత్యర్థులు కలిసి మోసిన ఆ జెండాకు మరుసటి నెలలోనే చట్టబద్ధత లభించింది.

1898లో స్థాపితమైన అథ్లెటిక్ క్లబ్ నేటికీ బాస్క్ ప్రాంతంలో పుట్టినవారిని లేదా అక్కడ ఆట నేర్చినవారిని మాత్రమే ఆడిస్తుంది. అయినా స్పెయిన్ మొదటి శ్రేణి నుండి ఒక్కసారి కూడా దిగజారలేదు. 2024 ఏప్రిల్‌లో, 40 ఏళ్ల నిరీక్షణ తరువాత, రాజు పేరిట జరిగే కప్పును గెలిచినప్పుడు ఆటగాళ్లను పాత సరుకుల పడవపై నది వెంట ఊరేగించారు. ఒడ్డున లక్షలాది మంది నిలిచారు. ఊరికి ఊరే కదిలింది.

రెండు దుర్దినాలు

ఈ సంబరానికి చీకటి పార్శ్వం కూడా ఉంది. 1985 మే 29న బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్, ఇటలీ జట్టు యువెంటస్ ఫైనల్ ఆడవలసి ఉంది. స్టేడియం శిథిలావస్థలో ఉంది. ఇరుపక్షాల మధ్య ఉన్నది బలహీనమైన కంచె మాత్రమే. లివర్‌పూల్ అభిమానులలో కొందరు కంచె దాటి దూసుకుపోగా, వెనక్కు తగ్గిన వారి ఒత్తిడికి గోడ కూలింది. 39 మంది మరణించారు. వారిలో 32 మంది ఇటలీ వారు. ఇంగ్లండ్ క్లబ్బులను ఐరోపా పోటీల నుండి 5 సంవత్సరాలు, లివర్‌పూల్‌ను 6 సంవత్సరాలు వెలివేశారు.

నాలుగేళ్లకు, 1989 ఏప్రిల్ 15న, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరంలో హిల్స్‌బరో స్టేడియానికి లివర్‌పూల్ అభిమానులు తరలివచ్చారు. బయట రద్దీ పెరగగా పోలీసులు ఒక పెద్ద గేటు తెరిచారు. జనం అప్పటికే కిక్కిరిసిన మధ్య భాగంలోకి వెళ్లిపడ్డారు. ముందు ఇనుప కంచె ఉండటంతో తప్పించుకునే దారి లేకపోయింది. మృతుల సంఖ్య 97; చివరి బాధితుడు గాయాల ఫలితంగా 2021లో కన్నుమూశాడు. నింద మొదట అభిమానుల మీదే పడింది. 1991లో దానిని ప్రమాదంగా తేల్చారు. కుటుంబాలు ఊరుకోలేదు. 27 ఏళ్ల పోరాటం పిదప 2016లో జ్యూరీ ఇవి చట్టవిరుద్ధ మరణాలని, అభిమానుల ప్రవర్తన ఇందుకు కారణం కాదని ప్రకటించింది.

ఈ రెండింటి నుండి రెండు పాఠాలు దొరికాయి. ప్రత్యర్థిని శత్రువుగా చూసే అభిమాని ప్రాణాలు తీయగలడు. అభిమానిని నేరస్థుడిగా చూసి కంచెలో బంధించే యంత్రాంగం కూడా ప్రాణాలు తీయగలదు.

అనుమానం నుండి ఆతిథ్యానికి

1990 నాటి టేలర్ నివేదిక అనంతరం ఇంగ్లండ్ పెద్ద స్టేడియాలలో కంచెలు తొలగి, అందరికీ కుర్చీలు వచ్చాయి. జర్మనీ వేరొక మార్గం ఎంచుకుంది. 1981లో బ్రెమెన్ నగరంలో మొదలైన ‘ఫాన్ ప్రాయెక్ట్’ పథకం కింద సామాజిక కార్యకర్తలు యువ అభిమానులతో కలిసి తిరుగుతూ తగాదాలు ముదరకముందే సర్దుబాటు చేస్తారు. పెద్ద టోర్నీలలో అభిమాన సంఘాలు ‘అభిమానుల రాయబార కార్యాలయాలు’ నడుపుతాయి. పాస్‌పోర్టు పోయినవారికి, బస దొరకనివారికి, ఆసుపత్రి దారి తెలియనివారికి అక్కడ వారి భాషలోనే సాయం అందుతుంది. 2012–13 నుండి ఐరోపా పోటీలలో ఆడే ప్రతి క్లబ్ అభిమానులతో మాట్లాడేందుకు ఒక అనుసంధాన అధికారిని నియమించుకోవాలని యూఈఎఫ్ఏ నిబంధన విధించింది. అతిథుల టికెట్ ధరకు కూడా హద్దు పెట్టారు. ఛాంపియన్స్ లీగ్‌లో ఆ హద్దు 2024–25లో 60 యూరోలు, 2025–26లో 50 యూరోలు.

ఆతిథ్యానికి పరాకాష్ఠ 2017 ఏప్రిల్ 11న డోర్ట్‌మండ్‌లో కనిపించింది. ఆటకు బయలుదేరిన ఆతిథేయ జట్టు బస్సు పక్కన బాంబులు పేలి ఒక ఆటగాడు గాయపడ్డాడు. ఆట మరునాటికి వాయిదా పడింది. మొనాకో నుండి వెయ్యి కిలోమీటర్లు దాటి వచ్చిన అభిమానులకు ఆ రాత్రి తలదాచుకునే చోటు లేదు. అప్పుడు డోర్ట్‌మండ్ వాసులు సామాజిక మాధ్యమాల ద్వారా పిలిచి, ముక్కూ మొహం తెలియని ప్రత్యర్థి అభిమానులను తమ ఇళ్లకు తీసుకువెళ్లారు. పడక ఇచ్చారు, అన్నం పెట్టారు. మొనాకో వారు స్టేడియంలో ‘డోర్ట్‌మండ్, డోర్ట్‌మండ్’ అని నినదించారు. మరునాడు మొనాకో 3–2తో గెలిచింది. పేలుడుకు ఏ అభిమాన వర్గానికీ సంబంధం లేదని, క్లబ్ షేర్ల ధర పడిపోతే లాభపడాలనుకున్న ఒక వ్యక్తి చేసిన పని అని తరువాత న్యాయస్థానంలో రుజువైంది.

ఇంకా మిగిలినది

పని పూర్తి కాలేదు. 2022 మే 28న పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ సందర్భంగా లివర్‌పూల్ అభిమానులు గేట్ల ముందు నలిగిపోయారు. వారిపై బాష్పవాయువు ప్రయోగించారు. మొదట అధికారులు నిందించింది అభిమానులనే. 2023లో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక ప్రధాన బాధ్యత యూఈఎఫ్ఏదేనని తేల్చింది. హిల్స్‌బరో పాఠం 33 ఏళ్లకు మళ్లీ చదవవలసి వచ్చింది. 2023 ఆగస్టులో ఏథెన్స్‌లో క్రొయేషియా నుండి వచ్చిన ఒక ముఠా దాడి సందర్భంగా ఒక గ్రీకు యువకుడు హతుడయ్యాడు. వర్ణవివక్ష నినాదాలూ సమసిపోలేదు. 2023 మేలో వాలెన్సియా స్టేడియంలో రియల్ మాడ్రిడ్ ఆటగాడు వినీసియస్ జూనియర్‌ను దూషించిన ముగ్గురికి 2024 జూన్‌లో 8 నెలల జైలు శిక్ష పడింది. స్పెయిన్ ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన వర్ణదూషణకు అటువంటి శిక్ష పడటం అదే ప్రథమం.

చూడబోయే వారికి

చదువుల కొరకు, ఉద్యోగాల కొరకు ఐరోపా వెళ్లే తెలుగు యువత ఇప్పుడు చాలా కుటుంబాలలో ఉన్నారు. వారు ఆట చూడదలిస్తే కొన్ని సంగతులు తెలిసి ఉండటం మేలు.

టికెట్ క్లబ్ అధికారిక మార్గంలోనే కొనాలి. అతిథి గ్యాలరీ టికెట్లు సాధారణంగా ఆ క్లబ్ సభ్యులకే దక్కుతాయి. ఆతిథేయుల గ్యాలరీలో ప్రత్యర్థి రంగులు ధరించి కూర్చుంటే బయటకు పంపే అవకాశం ఉంది. ఏ రంగు ధరించాలో తెలియకపోతే రెండు జట్లకూ చెందని రంగు ఉత్తమం. పెద్ద సంచులను అనుమతించరు. జర్మనీలో చాలా క్లబ్బుల టికెట్‌తోనే ఆ రోజు స్థానిక రైలు, బస్సు ప్రయాణం ఉచితం. ఇంగ్లండ్‌లో మైదానం కనిపించే చోట మద్యం తాగటం 1985 చట్టం ప్రకారం నేరం. ఆట ముగిశాక జనం పల్చబడేదాకా అతిథి అభిమానులను కొంతసేపు లోపలే ఆపడం కద్దు. అది శిక్ష కాదు, రక్షణ. గుంపు ఒత్తిడి పెరుగుతున్నట్లు తోస్తే సిగ్గుపడక పక్కకు తప్పుకోవాలి.

ఇక చిన్న పిల్లలతో వెళ్లేవారికి కుటుంబాల కొరకు కేటాయించిన గ్యాలరీలు చాలా స్టేడియాలలో ఉన్నాయి. అక్కడ పక్క కుర్చీలోని ముసలివారు ఏ పాట ఎప్పుడు ఎత్తుకోవాలో పిల్లలకు చెప్పడం ఆనవాయితీ. భాష రాకపోయినా రెండవ సగం వచ్చేసరికి రాగం పట్టుబడుతుంది.