బొరుగులవారి కోడలు

మిన్నెసోటాలో మిసిసిపి ఒడ్డున రెడ్ వింగ్ అని చిన్న ఊరుంది. బూట్లకూ జాడీలకూ పేరు. నన్ను అక్కడికి లాక్కెళ్ళినవి మాత్రం బొరుగులు. అలెగ్జాండర్ ఆండర్సన్ అనే ఆ ఊరి వృక్షశాస్త్రవేత్త 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో బియ్యాన్ని ఫిరంగుల్లో పెట్టి పేల్చి, జనానికి బొరుగులు చూపించారు. మన అనంతపురం బట్టీల్లో కాలిన ఇసుక చేసే పనే అది: గింజలోని తేమ ఆవిరై ఉబ్బుతుంది. ఆయన పేటెంటు తీసుకున్నారు, మనవాళ్ళు ఉగ్గాణి చేసుకుని తినేశారు. పక్కన మిరపకాయ బజ్జీ కూడా... సరే, ఆపుతాను.

ఆ అలెగ్జాండర్ ఇంటి కోడలు యూజెనీ ఆండర్సన్. పాదిరిగారి కూతురు, పియానో నేర్చుకున్న మనిషి. 1937లో యూరప్ వెళ్ళి హిట్లర్ జర్మనీని కళ్ళారా చూశాక ఇంట్లో కూర్చోలేకపోయారు. ఊరూరా ఉపన్యాసాలు, ఆపైన పార్టీ పనులు. 1949 అక్టోబరులో అధ్యక్షుడు ట్రూమన్ ఆవిడను డెన్మార్క్‌కు రాయబారిగా వేశారు. అంతకుముందు అమెరికా ఆడవాళ్ళను పంపినా, రాయబారి కన్నా ఒక మెట్టు తక్కువైన మినిస్టర్ హోదాతో సరిపెట్టేది. అమెరికా తరఫున పూర్తి రాయబారి అయిన తొలి మహిళ ఈవిడే.

ఇక్కడి అమెరికన్లు ఈ మాట గర్వంగా చెబితే నేనూ తలూపుతాను. కానీ ఊరుకోలేను. ఆ ఏడాది మే నెలకే మన విజయలక్ష్మీ పండిట్ రాయబారిగా వాషింగ్టన్‌లో ఉన్నారు, అదీ మాస్కోలో పనిచేసి వచ్చి!

యూజెనీ డేనిష్ నేర్చుకున్నారు. దొరల విందులతో ఆగకుండా కార్మికుల దగ్గరికీ రైతుల దగ్గరికీ వెళ్ళారు. డేన్లకు ఆవిడంటే ఇష్టం. ఆ మంచితనం నీడలోనే 1951లో గ్రీన్‌లాండ్ రక్షణ ఒప్పందం మీద సంతకం పెట్టారు. గ్రీన్‌లాండ్‌లోని తూలేలో పెద్ద వైమానిక స్థావరం లేచింది. 1953లో అక్కడి ఇనుగ్విట్ వేటగాళ్ళను వాళ్ళ ఊళ్ళోంచి ఉత్తరానికి తరలించారు. అప్పటికి ఆవిడ పదవి వదిలేశారు, నిజమే. అయినా ఆ ఒప్పందం కింద ఉన్నది ఆవిడ సంతకమే. ఈమధ్య గ్రీన్‌లాండ్ పేరు వార్తల్లో వచ్చినప్పుడల్లా నాకదే గుర్తొస్తోంది.

అందుకే నాకు బల్గేరియా రాజధాని సోఫియాలోని యూజెనీ ఎక్కువ ఇష్టం. 1962లో కెన్నెడీ ఆవిడను బల్గేరియాకు పంపారు. ఈసారి హోదా ఒక మెట్టు దిగి మినిస్టరే. కమ్యూనిస్టు రాజ్యం, వెంట గూఢచారులు. అక్కడా భాష నేర్చుకుని, టీవీలో జనంతో నేరుగా మాట్లాడారు. 1963 డిసెంబరులో గుంపు వచ్చి ఆవిడ కార్యాలయం అద్దాలు పగలగొట్టింది. ఆ తర్వాతా దాదాపు ఏడాది అక్కడే పనిచేశారు.